పదమూడో పేరు

ఖో-ఖో ఫైనల్ ముగియడానికి ఇంకా నాలుగు నిమిషాలు ఉందనగా వరంగల్ జట్టు తరఫున చివరి ముగ్గురు రన్నర్లు కోర్టులోకి దిగారు. వాళ్ళలో సారలమ్మ ఒకతె. నల్గొండ పిల్లలు గెలవాలంటే ఆ ముగ్గురినీ పట్టుకోవాలి. మొదటి నిమిషం పూర్తి కాకముందే ఇద్దరు దొరికిపోయారు. మిగిలిన మూడు నిమిషాలూ సారలమ్మ ఒక్కతే నిలబడాలి.

షామియానా కింద సెలక్షన్ కమిటీ కుర్చీల వరసలో వెంకట్రాజం చివరన కూర్చున్నాడు. సారలమ్మ అతని బడి పిల్లే. ములుగు అవతల నర్సంగుట్ట హైస్కూల్లో అతను డ్రిల్ సారు. కమిటీలో ఉన్నవాళ్ళు చప్పట్లు కొట్టకూడదని పొద్దున్నే చెప్పారు గనక రెండు చేతులూ తొడల మధ్య బిగించి పెట్టుకున్నాడు.

సారలమ్మ ఉత్త కాళ్ళతో ఆడుతోంది. జిల్లా తరఫున ఇచ్చిన తెల్ల కాన్వాసు బూట్లు గీత బయట జతగా పెట్టి ఉన్నాయి. ఆమె పెద్దగా పరుగెత్తుతున్నట్టు కూడా లేదు. చేజర్ రెండడుగుల దూరానికి వచ్చేదాకా ఆగి, చెయ్యి చాపగానే నడుము ఒక్కసారి వంచి, కూర్చున్న ఇద్దరి వీపుల మధ్య నుంచి అవతలికి జారిపోయేది. వచ్చిన అమ్మాయి చేజర్‌కు అలా మధ్య నుంచి దాటే వీలు లేక స్తంభం దాకా పోయి చుట్టి రావలసి వచ్చేది. రెండుసార్లు నల్గొండ పిల్ల స్తంభం పట్టుకుని ఒళ్ళు చాపి దూకింది. రెండుసార్లూ దుమ్మే దొరికింది. పొడుగాటి విజిల్ మోగినప్పుడు సారలమ్మ నడుం మీద చేతులు పెట్టుకుని ఆకాశం వైపు చూస్తూ ఊపిరి పీల్చుకుంది. తర్వాత వెళ్ళి ముందుగా బూట్లు తీసుకుంది.

వెంకట్రాజం ఒళ్ళో మార్కుల కాగితం ఉంది. పరుగుకు పది, పట్టుకు పది, ఆట తెలివికి పది. సొంత బడి పిల్లకు పది వేయడానికి మొహమాటపడి మూడు చోట్లా పెన్సిల్‌తో తొమ్మిది వేశాడు. వేసినందుకు తనమీద తనకు కొంచెం గౌరవం కూడా కలిగింది.

మధ్యాహ్నం రెండు గంటలకు కమిటీ ఒక క్లాసు గదిలో కూర్చుంది. ఐదుగురు సభ్యులు, ఇద్దరు వరంగల్ వాళ్ళు, మిగతా ముగ్గురు వేరే జిల్లాల వాళ్ళు. బల్ల మీద మిర్చి బజ్జీల పొట్లం విప్పి పెట్టి ఉంది. కన్వీనర్ రాజేశ్వర్ రావు హనుమకొండలో పెద్ద బడి ఫిజికల్ డైరెక్టర్. ట్రైనింగులో వెంకట్రాజంకు విజిల్ పట్టుకోవడం నేర్పింది ఆయనే. ఈ ఏడు కమిటీలోకి తెచ్చిందీ ఆయనే.

భోపాల్‌లో జరిగే జాతీయ పోటీలకు రాష్ట్ర జట్టులో పన్నెండు మంది పోవాలి. పదకొండు పేర్లు అరగంటలో అయిపోయాయి. ఒక్కో జిల్లా సభ్యుడు ఒక్కో పేరు చెప్పడం, మిగతా వాళ్ళు మంచిదనడం, రాజేశ్వర్ రావు రాసుకోవడం. మార్కుల కాగితాలు బల్ల మీద ఉన్నాయి గానీ ఎవరూ వాటి జోలికి పోలేదు. పన్నెండో పేరు వరంగల్‌ది. అక్కడ రాజేశ్వర్ రావు పెన్ను ఆపాడు.

"రాజం, నీ షీట్ల సారలమ్మకు ఎన్నున్నయ్?"

"ఇరవై ఏడు సార్."

"మా విజయలక్ష్మికి?"

"ఇరవై రెండు."

విజయలక్ష్మి రాజేశ్వర్ రావు బడి పిల్ల. హనుమకొండ బజారులో ఆమె తండ్రికి బట్టల దుకాణం. మూడు రోజులుగా ఆటలకు వచ్చిన పిల్లలందరికీ అన్నం పెడుతున్నది ఆయనే. పిల్ల ఆట రానిదేమీ కాదు. పట్టులో చురుకుదే. రన్నర్‌గా దిగితే మాత్రం నిమిషం నిలవదు.

"మిగిలిన నాలుగు షీట్లు కూడితే ఇద్దరు ఇంచుమించు సమానమున్నరు. నీ ఒక్క షీట్ తోనే నీ పిల్ల పైకొస్తాంది," అన్నాడు రాజేశ్వర్ రావు. ఆయన గొంతులో కోపం లేదు. "సొంత పిల్లకు ఎక్కువేసుకున్నడని రేపు ఎవడన్న పైకి రాస్తే ఏం జెప్తవ్?"

"ఆట అందరు చూసిండ్రు కద సార్."

"నేను గూడ చూసిన. మంచిగ ఆడింది. కాదంటలేను. వచ్చే ఏడు గూడ ఆడతది."

"టెన్త్ సార్. వచ్చే ఏడు బడిల ఉండదు."

రాజేశ్వర్ రావు బజ్జీ ఒకటి తుంచి, తినకుండా పొట్లంలోనే పెట్టాడు. "ఇగో, ఒక మాట చెప్త విను. జట్టుకు మేనేజర్‌గ ఈసారి నీ పేరు పెడదామని అనుకుంటానం. ఎన్నేండ్ల సంది ఆ అడవిల ఉన్నవ్? ఒక్కసారి రాష్ట్ర జట్టు మేనేజర్ అని నీ సర్వీస్ పుస్తకంల ఎక్కితే హనుమకొండకు రావాల్నన్నా అక్కెరకొస్తది. కాని ఒక్క బడి నుంచే మేనేజరు, ప్లేయరు ఇద్దరంటే పైన ఒప్పుకోరు. పిల్లను స్టాండ్‌బైల పెడదాం. పదమూడో పేరు. ఎవరికన్న జరమొస్తే ఆమెనే పోతది."

మిగతా ముగ్గురిలో ఇద్దరు తలలు ఎత్తలేదు. ఒకాయన కిటికీలోంచి గ్రౌండు వైపు చూస్తున్నాడు. అక్కడ సున్నం గీతల మీద పిల్లలు తొక్కుడుబిళ్ళ ఆడుతున్నారు.

వెంకట్రాజంకు ఆ మేనేజర్ పేరు కావాలి. అది ఎంతగా కావాలో అతనికి ఆ నిమిషం దాకా తెలియదు. కాదని చెప్పడానికి నోట్లో మాట సిద్ధంగానే ఉంది. అది బయటికి రాకముందే ఇంకో మాట వచ్చింది.

"రబ్బరున్నదా సార్?"

రాజేశ్వర్ రావు జేబులోంచి వెనక రబ్బరు ఉన్న పెన్సిల్ తీసి బల్ల మీదుగా జరిపాడు. వెంకట్రాజం మూడు తొమ్మిదులూ చెరిపి ఆరు, ఏడు, ఏడు వేశాడు. కాగితం పలచనిది. మధ్య గడిలో పాత తొమ్మిది తోక ఇంకా కనబడుతోంది. దాని మీద మళ్ళీ రుద్దితే కాగితం చిరిగేలా ఉంది. రబ్బరు పొట్టు నోటితో ఊది, కాగితం తిరగేసి పెట్టాడు.

"మంచిది," అన్నాడు రాజేశ్వర్ రావు.

*

జాబితా సాయంత్రం నాలుగున్నరకు మైకులో చదివారు. వరంగల్ పిల్లలు తాము దిగిన క్లాసు గది ముందు, వసారాలో నిలబడి విన్నారు. పన్నెండో పేరు విజయలక్ష్మి అన్నప్పుడు పక్కనున్న పిల్లలు ఆమెను పట్టుకుని గుంజారు. తర్వాత స్టాండ్‌బై పేర్లు రెండు చదివారు. అందులో మొదటిది సారలమ్మది.

వెంకట్రాజం కావాలనే ఆలస్యంగా వచ్చాడు. వచ్చేసరికి సారలమ్మ గదిలో గోడవారగా కూర్చుని బూట్ల లేసులు రెండూ కలిపి ముడేస్తోంది. అతన్ని చూసి లేచింది.

"సార్, ఇవి వాపస్ ఇయ్యాల్నా?"

"ఒద్దు. నీ కాడనే ఉంచుకో."

ఆమె బూట్లను వేళ్ళకు వేలాడదీసుకుంది. "నేనేం ఫౌల్ చేసిన సార్?"

"ఏం చెయ్యలే."

"మరి?"

వెంకట్రాజం గుమ్మం వైపు చూశాడు. వసారాలో విజయలక్ష్మి చుట్టూ పిల్లలు చేరి భోపాల్ ఎటువైపు ఉందో వాదించుకుంటున్నారు. ఆట బాగాలేదని అనలేడు, ఆమెకు తెలుసు. అసలు సంగతి చెప్పలేడు. చెప్పడానికి వీలైనది ఇంకేదైనా కావాలి.

"నీ వయసు కాగితం సరిగ్గ లేదన్నరు," అన్నాడు.

"హెడ్మాస్టర్ సార్ రాసిచ్చిండు కద సార్. మీరే అతికించిండ్రు."

"అది సాలదంట. పుట్టినప్పటి రిజిస్టర్ నకలు కావాలంట. ఊళ్ళె పోలీస్ పటేల్ కాడ ఉంటది సూడు, అది."

సారలమ్మ ముఖం తేరుకుంది. తన ఆటలో లోపం లేదని తెలిసినందుకు వచ్చిన ఊరట అది. వెంకట్రాజం దాన్ని చూసి తల తిప్పుకున్నాడు.

"అది తెస్తే తీసుకుంటరా సార్?"

"తెస్తే... చూస్తరు."

"ఎన్ని దినాలల్ల తేవాలె?"

"క్యాంపు అయిపోయేలోపల." ఆ మాట అంటూనే, పటేల్ ఎట్లాగూ ఇవ్వడని, కోతల కాలంలో ఎవరూ దాని వెనక తిరగరని మనసులో అనుకున్నాడు. నాలుగు రోజులు పోతే ఆ పిల్లే మరిచిపోతుందనుకున్నాడు.

"తెస్త సార్," అంది సారలమ్మ.

*

రాష్ట్ర జట్టు క్యాంపు బుధవారం మొదలైంది. వెంకట్రాజం బడికి సెలవు పెట్టి హనుమకొండలోనే ఉండిపోయాడు. పొద్దున ఐదున్నరకు పిల్లలను లేపడం, గ్రౌండు చుట్టూ పరిగెత్తించడం, పాలు, గుడ్లు లెక్క ప్రకారం అందేలా చూడడం అతని పని. ఆట నేర్పేది రాజేశ్వర్ రావు. మేనేజర్‌కు నీలం కోటు కుట్టించారు. జేబు మీద రాష్ట్రం పేరు పసుపు దారంతో కుట్టి ఉంది. చౌరస్తా దర్జీ దగ్గర మొదటిసారి తొడుక్కున్నప్పుడు భుజాలు కొంచెం బిగుతుగా అనిపించాయి. విప్పి కుడతానని దర్జీ అంటే అక్కర్లేదన్నాడు.

విజయలక్ష్మి కష్టపడుతోంది. తనకు రన్నింగ్ రాదని ఆమెకు తెలుసు. అందరూ పాలు తాగడానికి పోయాక కూడా స్తంభం దగ్గర మలుపు తిరగడం ఒక్కతే అలవాటు చేసుకునేది. ప్రతిసారీ చెయ్యి ముందుకు చాచి, కాలు జారి పడేది. మోచేతులు రెండూ గీరుకుపోయాయి. "మంచిగనే వస్తాందా సార్?" అని అడిగితే వెంకట్రాజం తల ఊపేవాడు. ఆ పిల్ల మీద కోపం తెచ్చుకోగలిగితే బాగుండునని ఒకటి రెండుసార్లు అనిపించింది. కోపం రాలేదు.

సోమవారం పొద్దున పది గంటలకు ఫోటో తీసేవాడు వచ్చాడు. పన్నెండు మందిని కొత్త బనీన్లతో రెండు వరసలు చేశారు. కుర్చీల్లో రాజేశ్వర్ రావు, పక్కన కోటుతో వెంకట్రాజం. ఫోటోగ్రాఫర్ నల్లగుడ్డలో తల దూర్చి, బయటికి వచ్చి, ఒకమ్మాయి గడ్డం సరిచేసి, మళ్ళీ దూరాడు. అప్పుడే గేటు దగ్గర ఇద్దరు ఆడవాళ్ళు కనబడ్డారు. పెద్దామె చీర మోకాళ్ళ కిందకి ఎగ్గట్టి ఉంది. చిన్నామె లంగా ఓణీలో ఉంది. ఫోటో తీస్తున్నారని గ్రహించి ఇద్దరూ అక్కడే ఆగి, అయ్యేదాకా కదలకుండా నిలబడ్డారు.

"సార్, కెమెరా దిక్కు," అన్నాడు ఫోటోగ్రాఫర్.

అయ్యాక వాళ్ళు గ్రౌండు దాటి వచ్చారు. సారలమ్మ తల్లి భద్రమ్మ ముఖం ఎండకు కమిలిపోయి ఉంది. కుడి చేతి చూపుడు వేలికి పాత గుడ్డ చుట్టుకుంది. రొండిన దోపుకున్న ప్లాస్టిక్ కవరు తీసి, దాంట్లోంచి నాలుగు మడతల కాగితం రెండు చేతులతో అందించింది.

"తెచ్చిన సారూ," అంది. "ముద్ర గూడ ఏపిచ్చిన ములుగుల."

వెంకట్రాజం కాగితం విప్పాడు. గొలుసుకట్టు రాతలో సారలమ్మ పుట్టిన తారీఖు, తల్లి పేరు, తండ్రి పేరు. కింద ఊదా రంగు ముద్ర. హెడ్మాస్టర్ రాసిచ్చిన తారీఖుకూ దీనికీ మధ్య తేడా పదకొండు రోజులు.

"ఎట్లిచ్చిండు పటేలు?" అన్నాడు. అడగకుండా ఉండవలసింది.

భద్రమ్మ పని సాధించుకొచ్చిన మనిషిలా నెమ్మదిగా చెప్పింది. "కోతలైనంక రమ్మన్నడు సారూ. గప్పటికి మా పిల్ల ఆట అయిపోతది దొరా అన్న. అయితే నా మడి కొయ్యి, మాపటికి సూస్త అన్నడు. ఒక దినం కోసిన. మాపటికి తాళం చెవి దొరుకుతలేదన్నడు. ఇంకో దినం కోసిన. ఏలు తెగింది. గప్పుడు గూడ రేపు రమ్మంటాండు. ఇగ కాళ్ళు మొక్కిన. మొక్కినంక తీసిండు." ఆమె కూతురి వైపు చూసింది. "ఇది నా ఎంబడి వచ్చి కోస్తనన్నది. ఒద్దన్న. కాళ్ళకు ఏమన్న అయితే ఎట్ల ఉరుకుతది?"

సారలమ్మ వాళ్ళ మాటలు వినడం లేదు. కోర్టు వైపు చూస్తోంది. స్తంభాలకు కొత్తగా రంగు వేశారు.

రాజేశ్వర్ రావు ఫోటోగ్రాఫర్‌ను పంపించి ఇటు వచ్చాడు. "ఏంది రాజం?" అంటూ కాగితం అందుకుని పైనుంచి కిందికి చదివాడు. ఒకసారి వెంకట్రాజం ముఖంలోకి చూశాడు. ఆయనకు అర్థమైంది. ఎంత తొందరగా అర్థమైందంటే, ఇలాంటి అబద్ధాలు ఆయన ఇదివరకు చాలా విని ఉండాలి. కాగితం మడిచి వెంకట్రాజం చేతిలో పెట్టి, భద్రమ్మతో మంచిగానే అన్నాడు.

"తెచ్చి మంచి పని చేసినవమ్మా. కాగితం మా కాడ పెట్టుకుంటం. పిల్ల ఎట్లనో వచ్చింది కద, మా కాడ ప్రాక్టీస్‌కు రన్నర్లు తక్కువున్నరు. ఈ రెండు మూడు దినాలు ఉండి ఉరకనియ్యి. తర్వాత సూద్దాం."

"ఉంటది సారూ," అంది భద్రమ్మ వెంటనే. "అన్నం గూడ గీడనేనా?"

"ఈడనే."

సారలమ్మ అప్పటికే చెప్పులు విప్పింది. ఓణీ చెంగు తిప్పి నడుముకు బిగించి కట్టుకుంటోంది. ముడి వేసి, గట్టిగా ఉందో లేదో రెండుసార్లు లాగి చూసుకుంది. అవతల పిల్లలు చేజింగుకు వరసగా కూర్చుంటున్నారు. వాళ్ళలో విజయలక్ష్మి ఈమెను గుర్తుపట్టి చెయ్యి ఊపింది.

వెంకట్రాజం ఊరుకుంటే అంతా సవ్యంగానే జరిగిపోతుంది. మూడు రోజులు సారలమ్మ వీళ్ళకోసం పరిగెడుతుంది. గురువారం జట్టు రైలెక్కుతుంది. కాగితం ఆలస్యమైందని చెప్పవచ్చు. ఆ తల్లీ కూతుళ్ళు నమ్ముతారు. కాగితం పట్టుకున్న అతని చేతికి చెమట పట్టింది.

"సారలమ్మా, ఉరకకు," అన్నాడు.

ఆమె సున్నం గీత దగ్గర ఆగి వెనక్కి తిరిగింది.

"రాజం," అన్నాడు రాజేశ్వర్ రావు మెల్లగా.

వెంకట్రాజం భద్రమ్మ వైపు తిరిగాడు గానీ ఆమె ముఖంలోకి కాకుండా గుడ్డ చుట్టిన వేలి వైపు చూస్తూ మాట్లాడాడు. "కాగితం ఎవ్వరు అడగలేదు భద్రమ్మా. వయసుల ఏం ఫరక్ లేదు. నేనే అబద్ధం చెప్పిన."

ఆమెకు ముందు అర్థం కాలేదు. "ఇంకో కాగితం తేవాల్నా సారూ?"

"ఏ కాగితం అక్కెర లేదు. నీ బిడ్డ అందరికన్న మంచిగ ఆడింది. ఆమెకేసిన మార్కులు నేనే చెరిపి తక్కువేసిన. పేరు అందుకే పోయింది."

కూర్చున్న పిల్లలు ఇటు తిరిగి చూస్తున్నారు. అతని గొంతు పెద్దదేమీ కాదు. అయినా గ్రౌండులో వేరే చప్పుడు లేదు.

భద్రమ్మ కాసేపు అతని కోటు వైపు, జేబు మీది పసుపు అక్షరాల వైపు చూసింది. ఆమెకు చదువు రాదు. "మరి దాని జాగల ఎవరు పోతాండ్లు?" అని అడిగింది.

విజయలక్ష్మి పేరు చెప్పవచ్చు. అది నిజమే. పదిహేనేళ్ళ ఆ పిల్ల మోచేతులు పట్టుకుని అక్కడే కూర్చుని ఉంది.

"నేను పోతాన," అన్నాడు వెంకట్రాజం.

రాజేశ్వర్ రావు విజిల్ మెడలోంచి తీసి జేబులో వేసుకుని, ఎవరో పిలిచినట్టు స్టోర్ రూము వైపు నడిచాడు.

భద్రమ్మ తిట్టలేదు. గొంతు కూడా పెంచలేదు. "జాగ పోయిందంటే పోయింది సారూ. మాకు పోవుడు కొత్తదా. గా దినమే చెప్తే పిల్ల ఒక్క దినం ఏడ్సి ఊకునేది. నాతోని గా పటేల్ కాళ్ళెందుకు మొక్కిచ్చిండ్రు?"

ఆమె చెయ్యి చాపింది. ఏమి అడుగుతోందో అర్థమయ్యేసరికి కొంత సమయం పట్టింది. కాగితం ఇచ్చాడు. ఆమె దాన్ని చెమట లేని వైపు పట్టుకుని చీర కొంగుతో తుడిచి, కవరులో పెట్టి, మళ్ళీ రొండిన దోపుకుంది.

విజయలక్ష్మి లేచి వచ్చింది. సారలమ్మకు రెండడుగుల దూరంలో ఆగి వెంకట్రాజంను అడిగింది. "సార్, నేను ఇంటికి పోవాల్నా?"

అతను నోరు తెరిచాడు గానీ సారలమ్మే ముందుగా మాట్లాడింది. ఓణీ ముడి విప్పుకుంటూ, విజయలక్ష్మి మోచేతుల వైపు చూసి అంది. "ఎందుకు పోతవ్. ఆడు. పోల్ కాడ చెయ్యి ముందుగాల చాపకు. చెయ్యి చాపితె కాలు జారుతది. ముందుగాల కాలు తిప్పు."

చెప్పులు తొడుక్కుని తల్లి వెనక నడిచింది. డ్రిల్ సారు వైపు చూడలేదు. చూడకుండా ఉండాలని ప్రయత్నించినట్టు కూడా లేదు.

*

"నువ్వు పోకుంటే ఏమైతది?" తాను భోపాల్ పోనని వెంకట్రాజం చెప్పగానే అన్నాడు రాజేశ్వర్ రావు స్టోర్ రూములో. ఆయన బంతుల్లో గాలి ఉందో లేదో నొక్కి చూస్తున్నాడు. "నిజామాబాద్ ఆయనను మేనేజర్‌గ పంపిస్త. లిస్టు హైదరాబాద్ పోయి వారం అయింది. ఆ పిల్ల పేరు అందుల ఎక్కదు. నీ పేరు ఒక్కటి పోతది. ఎవరికి లాభం?"

"ఎవరికి లేదు సార్."

"మరి?"

వెంకట్రాజం కోటు విప్పి మడిచి బల్ల మీద పెట్టాడు. కింద వేసుకున్న చొక్కా వీపు అంతా తడిసి ఉంది. తెల్లకాగితం ఒకటి అడిగి తీసుకుని, నిలబడే రాశాడు. సారలమ్మకు తాను ముందు వేసిన మార్కులు, తర్వాత వేసినవి, ఎందుకు మార్చాడో. రాజేశ్వర్ రావు పేరు రాయలేదు. రాయాలో వద్దో తేల్చుకోలేకపోయాడు. చేసిన చెయ్యి తనదే కదా అనుకున్నాడు. ఆ మాట సగం నిజం, సగం భయం అని కూడా తెలుసు. సంతకం పెట్టి ఇచ్చాడు.

రాజేశ్వర్ రావు చదివి సొరుగులో పెట్టాడు. "పైకి పంపాల్నా?"

"పంపుండ్రి సార్."

"పంపుత," అన్నాడు ఆయన. సొరుగు మూసిన తీరు చూస్తే ఆ కాగితం అక్కడే ఉండిపోతుందని వెంకట్రాజంకు తెలిసింది. మధ్యాహ్నం ములుగు బస్సులో వస్తూ ఇంకో కాగితం మీద అదే మళ్ళీ రాసి, మరునాడు ములుగు పోస్టాఫీసులో హైదరాబాద్‌లోని రాష్ట్ర ఆఫీసు అడ్రసుకు రిజిస్టరీ చేశాడు. రశీదు వచ్చింది. జవాబు ఏమీ రాలేదు.

*

బడిలో ఏమీ తెలియనట్టే ఉంది. భోపాల్ ఎందుకు పోలేదని హెడ్మాస్టర్ అడిగితే ఆరోగ్యం బాగాలేదని చెప్పబోయి, ఆగి, "నేనే మానుకున్న సార్," అన్నాడు. అంతకన్నా ఆయన అడగలేదు. పిల్లలకు మాత్రం తెలుసు. ఊళ్ళో కోతకు పోయిన ఆడవాళ్ళందరికీ తెలిసిన సంగతి పిల్లలకు తెలియకుండా ఎట్లా ఉంటుంది. డ్రిల్ పీరియడ్‌లో వరసలు తిన్నగానే నిలబడుతున్నారు. చేతులు ఎత్తమంటే ఎత్తుతున్నారు. ఇదివరకు గంట కొట్టకముందే వచ్చి విజిల్ కోసం అతని చేతులు పట్టుకు లాగే ఆరో తరగతి పిల్లలు ఇప్పుడు పిలిస్తేనే వస్తున్నారు.

సాయంత్రం నాలుగు గంటలకు ఖో-ఖో ప్రాక్టీస్. మూడు రోజులు ఒక్కరూ రాలేదు. వెంకట్రాజం మాత్రం రోజూ పోయి చీపురుతో కోర్టు ఊడ్చి, చెరిగిపోయిన గీతల మీద సున్నం పోసి, ఐదున్నర దాకా నిలబడి ఇంటికి పోయేవాడు. ఎవరైనా వస్తే ఏం చెప్పాలో రోజూ అనుకునేవాడు. రోజుకో రకంగా అనుకునేవాడు.

నాలుగో రోజు అతను పోయేసరికి కోర్టులో పిల్లలు ఉన్నారు. ఆరు, ఏడు తరగతుల వాళ్ళు. సారలమ్మ వాళ్ళను గళ్ళలో ఒకరి వెనక ఒకరిని కూర్చోబెడుతోంది. ఒకరి ముఖం ఇటు, తర్వాతి వారి ముఖం అటు. ఒక చిన్నపిల్ల మడమ గీత దాటి ఉంటే వంగి, ఆ మడమ పట్టుకుని లోపలికి జరిపింది. విజిల్ లేదు. నోటితోనే చెబుతోంది.

వెంకట్రాజం గీత బయట ఆగాడు. "సారలమ్మా," అన్నాడు.

ఆమె తల ఎత్తింది. కోపం లేదు. ఇదివరకటిది కూడా ఏమీ లేదు. కూర్చున్న వాళ్ళను వేలితో లెక్కపెట్టింది. ఏడుగురు. ఎనిమిదో గడి ఖాళీగా ఉంది.

"ఒకరు తక్కువున్నరు సార్," అంది. "ఆడ కూసోండ్రి."

పిల్లల్లో ఎవరో కిసుక్కుమని, మళ్ళీ ఆగిపోయారు. వెంకట్రాజం చెప్పులు విప్పాడు. ఉత్త కాళ్ళతో ఆ నేల మీద నడిచి ఎన్నేళ్ళయిందో, చిన్న రాళ్ళు గుచ్చుకున్నాయి. ఎనిమిదో గడి కోర్టు చివర, స్తంభం పక్కన. ప్యాంటు మోకాళ్ళ దగ్గర పైకి లాక్కుని, గొంతుక్కూర్చుని, రెండు చేతుల వేళ్ళూ నేలకు ఆనించాడు. అతని ముఖం బడి గోడ వైపు ఉంది.

ఆట మొదలైంది. రన్నర్ సారలమ్మే. ఆమె గోడ వైపుకు వస్తే తప్ప అతనికి కనబడదు. అడుగుల చప్పుడు వెనక నుంచి ముందుకు, ముందు నుంచి వెనక్కి పోతోంది. "ఖో" అన్న కేక దూరంగా వినబడుతుంది. వీపు మీద చెయ్యి పడి ఆ మాట చెవిన పడేదాకా కూర్చున్న వాళ్ళు లేవడానికి లేదు. పిల్లలు ఒకరికొకరు ఇచ్చుకుంటున్నారు. అతని దాకా వచ్చిన చేజర్ ఒక క్షణం వెనకాల ఆగినట్టు అనిపించేది. చిన్న ఊపిరి వినబడేది. తర్వాత ఖో అనకుండానే ఆ అడుగులు స్తంభం చుట్టి అవతలికి పోయేవి.

మోకాళ్ళు నొప్పి పుట్టాయి. ఎడమ కాలు మొద్దుబారింది. బరువు కుడి కాలి మీదికి మార్చుకున్నాడు. వేళ్ళు మాత్రం నేల మీది నుంచి తీయలేదు. అటువైపు ఎండ గోడ మీంచి దిగి, తుమ్మచెట్ల వెనక్కి పోతోంది. వెనక ఎవరో పడితే పిల్లలు నవ్వుకున్నారు. సారలమ్మ కూడా నవ్వింది. చాలా రోజుల తర్వాత ఆ నవ్వు వినడం.

అడుగులు మళ్ళీ ఇటు వస్తున్నాయి. వెంకట్రాజం వీపు తిన్నగా చేసుకుని, తల కొంచెం వంచి, ఎదురు చూస్తూ కూర్చున్నాడు.